మొహమాటం మార్కులు

సమావేశాల హాలు గుమ్మం దగ్గర పదకొండేళ్లుగా నిలబడుతున్న ఆవిడను అందరూ మార్కులక్క అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనబడదు. ఆవిడ పని చెప్పడానికి చాలా తేలిక. హాల్లో సభ అయిపోయి జనం బయటికొచ్చే వేళకు గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ల చేతికి ఒక కాగితమూ ఒక పెన్సిలూ ఇవ్వాలి. కాగితం మీద ఐదు ప్రశ్నలుంటాయి. హాలు ఎలా ఉంది, కుర్చీలు ఎలా ఉన్నాయి, మైకు ఎలా వినబడింది, టీ భోజనాలు ఎలా ఉన్నాయి, మొత్తం మీద మీకు నచ్చిందా అని. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. వాళ్లు తమకు తోచిన అంకె చుట్టూ సున్నా చుట్టి ఇస్తే, అవన్నీ కూడి, భాగించి, సాయంత్రానికల్లా మేనేజరు బల్ల మీద లెక్క తేల్చిన కాగితం పెట్టాలి. అంతే.

ఇదీ ఒక ఉద్యోగమేనా అని మీకు అనిపించవచ్చు. ఆవిడ అత్తగారికైతే పదకొండేళ్లుగా అనిపిస్తూనే ఉంది. "పెళ్లికి వెళ్లినా, పేరంటానికి వెళ్లినా ఎలా ఉందని అడిగితే బాగుందంటాం. దానికి మనిషిని పెట్టి జీతం ఇవ్వాలా?" అని ఆవిడ చుట్టాలందరి దగ్గరా ఆశ్చర్యపోతూ ఉంటుంది. ఈ అత్తగారి మాటలో సగం నిజం ఉందని కోడలికి తెలియడానికి ఒక పన్ను ఊడాల్సి వచ్చింది. ఆ కథే ఇది.

మార్కులక్క మొదట్లో ఆ హాల్లో టీలు అందించేది. అప్పుడు కాగితాలు పంచే పని ఒక కుర్ర గుమాస్తాది. మూడు వందల మంది వస్తే అతని చేతికి పన్నెండు కాగితాలు తిరిగొచ్చేవి. అందులో రెండు ఖాళీవి. ఒకరోజు అతను సెలవు పెడితే, ట్రే పక్కన పెట్టి ఈవిడ నిలబడింది. రెండు వందల ఎనభై వచ్చాయి. మేనేజరుకు కళ్లు తిరిగినంత పనైంది. మర్నాటి నుంచి టీ ట్రే వేరే చేతిలోకి మారింది.

ఆవిడ దగ్గర మంత్రమేమీ లేదు. మనిషిని చూసి నవ్వుతుంది. ఆ నవ్వు అరువు తెచ్చుకున్న నవ్వు కాదు, ఎదుటివాళ్లు నిజంగానే తనకు కావలసినవాళ్లన్నట్టు ఉంటుంది. "మోకాళ్ల నొప్పి అన్నారు కదా పొద్దున, మెట్లు మెల్లగా దిగండి బాబూ. ఇదిగో, ఈ కాగితం మీద ఐదు సున్నాలు చుట్టి వెళ్లండి" అంటుంది. "పాప నిద్రపోతోంది కదా, నేనెత్తుకుంటాను, మీరు రాయండమ్మా" అంటుంది. బస్సు తప్పిపోతుందని పరిగెడుతున్నవాడు కూడా ఆగి రాసేవాడు. ఆవిడ చేతిలో కాగితం తీసుకోకుండా ఆ గుమ్మం దాటినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

రాసినవాళ్లు మంచి మార్కులే రాసేవారు. హాలుకు ఎప్పుడు చూసినా నాలుగున్నర పైమాటే. మేనేజరు తన కార్డు మీద కూడా 'ఐదుకు నాలుగు పాయింటు ఆరు' అని అచ్చు వేయించుకున్నాడు. సభలు పెట్టుకోవడానికి వచ్చినవాళ్ల ముందు ఆ కార్డును పేకముక్కలా టేబుల్ మీద పడేసేవాడు. పక్కనే నిలబడి ఉంటే మార్కులక్కకు లోపల్లోపల ఎంత గర్వంగా ఉండేదో. ఆ అంకెలన్నీ తను కూడినవి. ఆ హాలు సంగతి తనకంటే తెలిసినవాళ్లు లేరని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం మీదే హాయిగా నిద్రపోయేది కూడా.

హాల్లో ఆవిడకు అందరికంటే దగ్గరివాడు మైకు బాబాయి. బాబాయంటే చుట్టరికమేమీ లేదు. టీలు అందించే రోజుల్లో ఎవరో చొక్కా మీద టీ ఒలకబోశావని కేకలేస్తుంటే, మైకులో గట్టిగా గరగర శబ్దం చేయించి వాళ్ల నోరు మూయించినవాడు. అప్పటి నుంచీ బాబాయే. యాభై ఎనిమిదేళ్లుంటాయి. ఇరవై ఏళ్లుగా ఆ హాల్లో మైకులూ స్పీకర్లూ ఆయనవే. ఏడాదికోసారి ఒప్పందం తిరగరాస్తారు. వేదిక పక్కన ఒక చిన్న బల్ల, బల్ల మీద నలభై మీటలున్న పెట్టె, దాని వెనక కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని ఆయన. వక్త దగ్గబోతున్నాడని ముందే పసిగట్టి మీట తగ్గించేవాడు. ఆయన పనికి మార్కులు నాలుగున్నరకు ఏనాడూ తగ్గలేదు.

ఇలా అంతా సజావుగా సాగిపోతుంటే మార్కులక్కకు దవడ పన్ను పోటు మొదలైంది. వారం రోజులు లవంగం నూనెతో నెట్టుకొచ్చి, ఇక భరించలేక డాక్టరు దగ్గరికి వెళితే ఆయన చూసిన వెంటనే పీకేశాడు. బుగ్గ బంతిలా వాచిపోయింది. నోరు తెరుచుకోదు. నవ్వితే సగం మొహమే నవ్వుతోంది, మిగతా సగం ఎవరి మీదో అలిగినట్టుంది. మర్నాడు హాల్లో పంపుసెట్ల డీలర్ల సమావేశం. సెలవు పెడదామంటే లెక్క ఎవరు వేస్తారు? అందుకని ఆవిడ ఒక ఉపాయం చేసింది. చెప్పుల అట్టపెట్టె మూతకు బ్లేడుతో చీలిక కోసి, 'మీ మార్కులు ఇందులో వేయండి' అని రాసి, పక్కన కాగితాలూ పెన్సిళ్లూ పెట్టి, తను లోపలి గదిలో బుగ్గకు తడిగుడ్డ అద్దుకుంటూ కూర్చుంది.

మూడు వందల మందిలో నూట నలభై మంది వేశారు. పరవాలేదే అనుకుని కూడటం మొదలుపెట్టింది. హాలుకు మూడు పాయింటు నాలుగు. కుర్చీలకు మూడు. భోజనాలకు మూడున్నర. మైకుకు రెండు పాయింటు నాలుగు.

మత్తుమందు ఇంకా తలలోనే ఉందేమో అనుకుంది. మళ్లీ కూడింది. మూడోసారి వేళ్ల మీద కూడింది. మైకు రెండు పాయింటు నాలుగు దగ్గర నుంచి కదల్లేదు.

మేనేజరు ఆ కాగితం చూసి కుర్చీలోంచి సగం లేచాడు. ఆయనది ముక్కు మీద కోపం, దానికి తోడు తొందర.

"ఇదేంటి, రెండు పాయింటు నాలుగా? కుర్చీలు మార్చచ్చు, కూరలు మార్చచ్చు. మైకు వినబడకపోతే ఇక సభేంటి? ముసలాయనకు చెవులు పోయినట్టున్నాయి."

"బాబాయికి చెవులు బాగానే ఉన్నాయి సార్," అంది మార్కులక్క నోరు సగమే తెరిచి. "వాళ్లు పంపుసెట్లవాళ్లు. రోజంతా మోటార్ల మోత విని విని వాళ్లకే వినబడదు."

"జోకులొద్దు. నెలాఖరుకి ఆయన ఒప్పందం అయిపోతుంది. కొత్త కంపెనీవాళ్లు రెండు నెలల నుంచి నా చుట్టూ తిరుగుతున్నారు. ఈలోగా ఇంకో రెండు సభలున్నాయి. మైకుకు నాలుగు వస్తే సరే. రాకపోతే ఆయనకు దండం పెట్టి పంపించేస్తా."

ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషిని పంపించేయడానికి కారణం తను కూడిన అంకె. బాబాయికి చెబుదామని హాల్లోకి వెళ్లింది. ఆయన నేల మీద కూర్చుని వైర్లు చుట్టలు చుడుతూ, "నీ బుగ్గ తగ్గిందిరా అమ్మాయ్, పొద్దున మరీ పూరీలా ఉబ్బింది" అని నవ్వాడు. ఆవిడ చెప్పాలనుకున్నది చెప్పకుండానే వచ్చేసింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి పరధ్యానంగానే వంట చేసింది. భర్తది దర్జీ పని. ఇంటి ముందు గదిలోనే మిషను, కత్తెర, చుట్టూ గుడ్డముక్కలు. నెమ్మదైన మనిషి. ఆయన నోటంట బాగాలేదు అన్న మాట పెళ్లయినప్పటి నుంచీ ఎవరూ వినలేదు. కంచం ముందు కూర్చోబెట్టి, అలవాటు ప్రకారం పక్కనే నిలబడి, "కూర ఎలా ఉంది?" అంది.

"బాగుంది" అన్నాడాయన.

"అత్తయ్యా, మీకు?"

"బాగుందమ్మా."

కూతురు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే బాగుందంది. అందరూ తిన్నాక తను మెల్లగా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కూరలో ఉప్పు లేదు. తక్కువ కావడం కాదు, ఒక్క రవ్వ లేదు. అసలు వేయడమే మర్చిపోయింది.

"ఉప్పు లేని కూర బాగుందని ఎలా చెప్పారు ముగ్గురూ?" అని నడుం మీద చేతులు వేసుకుని నిలదీసింది.

అత్తగారు నీళ్లు తాగాలన్న వంకతో లోపలికి జారుకుంది. కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన చేతులు తుడుచుకుంటూ, తప్పు చేసినవాడిలా, "నువ్వు పన్ను నొప్పితో వండి, పక్కనే నిలబడి మా మొహంలోకి చూస్తూ ఎలా ఉందని అడిగితే ఇంకేం చెప్పమంటావ్?" అన్నాడు.

మార్కులక్క ఆ మాటే తనలో తను మళ్లీ అనుకుంది. పక్కనే నిలబడి, మొహంలోకి చూస్తూ, ఎలా ఉందని అడగడం. పదకొండేళ్లుగా తను గుమ్మం దగ్గర చేస్తున్నది అదే కదా! మోకాళ్ల నొప్పి పెద్దాయన ఐదు చుట్టింది మైకుకు కాదు, మెట్లు మెల్లగా దిగమన్నందుకు. పాప తల్లి ఐదు చుట్టింది పాపను ఎత్తుకున్నందుకు. తన మొహం చూసి ఎవరైనా రెండు ఎలా చుడతారు? ఆవిడకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అంతలోనే ఆశ కూడా పుట్టింది. అయితే బాబాయి పనిలో తేడా రాలేదన్నమాట, తేడా వచ్చింది తను నిలబడకపోవడంలో! ఈ సంగతి మేనేజరుకు చెబితే చాలు, బాబాయి ఉద్యోగం నిలబడుతుంది.

కానీ ఊరికే చెబితే ఆయన నమ్మే రకం కాదు. రెండు రోజుల తర్వాత లెక్కల టీచర్ల సమావేశం జరిగింది. హాలుకు రెండు గుమ్మాలున్నాయి. ఎడమ గుమ్మంలో వాపు తగ్గిన మొహంతో, నిండు నవ్వుతో తను నిలబడింది. కుడి గుమ్మంలో అట్టపెట్టె పెట్టింది. ఒకే హాలు, ఒకే సభ, ఒకే మైకు. సాయంత్రం రెండు దొంతరలూ వేరువేరుగా కూడింది. తన గుమ్మంలో మైకుకు నాలుగు పాయింటు ఏడు. పెట్టెలో రెండున్నర.

రెండు కాగితాలూ పట్టుకుని దాదాపు పరుగున వెళ్లి మేనేజరు ముందు పెట్టింది. "చూడండి సార్. బాబాయి ఎప్పుడూ చేసినట్టే చేస్తున్నాడు. జనం నా మొహమాటానికి మార్కులు వేస్తున్నారు. ఇన్నాళ్లూ నేను కూడింది హాలు మార్కులు కాదు, నా మార్కులు. తప్పు నాది."

మేనేజరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత మొహం విప్పారింది.

"అంటే నీ నవ్వు ఖరీదు రెండు మార్కుల పైమాటన్నమాట! ఈ సంగతి ముందే చెప్పొద్దూ? ఇక నుంచి రెండు గుమ్మాల్లోనూ నువ్వే ఉండు. ఒకదాంట్లో నువ్వు, రెండోదాంట్లో మీ చెల్లెలో మరదలో ఎవరైనా ఉంటే తీసుకురా. ఆ పెట్టె ఎక్కడైనా పారేయ్."

"మరి బాబాయి?"

"ఆయన సంగతే చెబుతున్నా. నువ్వే కదా రుజువు చేశావ్? పదకొండేళ్లుగా మైకు ఇంత అధ్వాన్నంగా ఉందన్నమాట. నాకు ఇవాళ తెలిసింది. ఆ కొత్త కంపెనీవాళ్లకు రేపే ఫోన్ చేస్తా."

కాపాడదామని వెళ్లి తనే నిలువునా ముంచేసినట్టయింది. మార్కులక్క గదిలోంచి ఎలా బయటికొచ్చిందో ఆవిడకే గుర్తు లేదు. ఖాళీ హాల్లో ఒక కుర్చీలో కూలబడి, చేతిలో ఉన్న పెట్టె కాగితాలను ఊరికే తిరగేసింది. అప్పుడు చూసిందావిడ, ఆ కాగితాల మీద మాటలున్నాయి. తన చేతికి ఇచ్చిన కాగితాల మీద పదకొండేళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. పెట్టెలో వేసినవాళ్లు మాత్రం మనసు విప్పి రాశారు.

'వెనక ఒక్క ముక్క వినబడలేదు.' 'ముందువాళ్లు నవ్వితే మేమూ నవ్వాం, దేనికో తెలీదు.' 'పదహారో వరస. టీ బాగుంది, సభ సంగతి తెలియదు.' 'నా పక్కాయన గురకే స్పష్టంగా వినబడింది.'

చివరి కాగితం చూసి ఆవిడకు నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. రెండూ ఒకటీ చుట్టినవాళ్లంతా వెనక వరసలవాళ్లే. ముందు కూర్చున్నామని రాసినవాళ్లు నాలుగూ ఐదూ చుట్టారు. అంటే మైకు మొత్తంగా పాడవలేదు. వెనక మాత్రమే ఏదో తేడా ఉంది. ఇక దాచి లాభం లేదనుకుని బాబాయి బల్ల దగ్గరికి వెళ్లి, రెండు పాయింటు నాలుగు నుంచి కొత్త కంపెనీ దాకా జరిగిందంతా చెప్పేసి, కాగితాల దొంతర ఆయన ముందు పెట్టింది.

ఆయన కళ్లజోడు సరిచేసుకుని ఒక్కో కాగితమూ చదివాడు. తొందరపడలేదు. చదివిన ప్రతిదాన్నీ బోర్లించి పక్కన పెట్టాడు. అన్నీ అయ్యాక తలెత్తాడు. ఆయన మొహం అలా మాడిపోవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"నాలుగున్నర, నాలుగున్నర అని ప్రతిసారీ చెప్పేదానివి. అదంతా అబద్ధమా?"

"అబద్ధం కాదు బాబాయ్. వాళ్లు రాసిందే చెప్పాను."

"వాళ్లు నీకు రాశారు. నాకు కాదు." "ఉద్యోగం పోతే పోనీ, ఇంకెక్కడైనా చూసుకుంటాను. పదకొండేళ్లు వెనక కూర్చున్నవాళ్లు మూగబొమ్మలాట చూసి వెళ్లారు, నేనేమో ఇక్కడ కూర్చుని గొప్పగా వినిపిస్తున్నాననుకున్నాను. ఒక్కడు, ఒక్కడు చెప్పినా ఆ రోజే లేచి చూసేవాణ్ని కదా!"

ఆవిడ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అందరితో మంచిగా ఉండటమే తప్ప ఆవిడ ఇంకేం చేసింది? కానీ ఆ మంచితనమే ఈయన చెవులకు గుడ్డలు కుక్కిందని ఇప్పుడు అర్థమవుతోంది. బాబాయి కాసేపు అటు తిరిగి కూర్చున్నాడు. తర్వాత, "నా తప్పూ ఉందిలే. ఇరవై ఏళ్లలో సభ జరుగుతుండగా ఒక్కసారైనా వెనక్కి నడిచి వెళ్లానా? ఈ బల్ల దగ్గర బాగా వినబడితే అంతటా బాగున్నట్టే అనుకున్నా" అన్నాడు. మెల్లగా మైకు చేతిలోకి తీసుకున్నాడు. "వెళ్లి చివరి వరసలో కూర్చో. నేను మాట్లాడతాను. నిజం చెప్పు."

ఆవిడ వెళ్లి పద్దెనిమిదో వరసలో కూర్చుంది. ఆయన బల్ల మీదున్న టీ సామాన్ల జాబితా తీసి మైకులో చదవడం మొదలుపెట్టాడు. పంచదార అన్న మాట ఒక్కటే ఆవిడ చెవిన పడింది, మిగతాదంతా పక్కింట్లో రేడియోలా గొణుగుడు.

"ఎలా ఉంది?" అని ఆయన అక్కడి నుంచే అరిచాడు.

బాగుంది అన్న మాట నాలుక చివరి దాకా వచ్చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్నకు ఆవిడ ఇంకో జవాబు చెప్పింది లేదు. అప్పుడే అంత బాధపడిన మనిషికి మళ్లీ ఎలా చెప్పడం? "కొంచెం..." అని నసిగింది.

"కొంచెం ఏంటి? వినబడిందా, లేదా?"

"లేదు బాబాయ్!" అని ఆవిడ గొంతు చించుకుని అరిచింది. "ఒక్క ముక్క వినబడలేదు!"

"అదీ! అలా చెప్పు!" అని ఆయన మీటలు తిప్పాడు. ఇంకా వినబడలేదంది. మళ్లీ తిప్పాడు. ముందు వరసల్లో చెవులు గింగురుమంటున్నాయి గానీ వెనక మాత్రం అదే గొణుగుడు. చివరికి ఆయనే లేచొచ్చి, వెనక గోడ దగ్గర నిలబడి, గోడ నిండా వేలాడుతున్న ముదురు ఎరుపు మఖమల్ తెరను పక్కకు లాగి చూశాడు. తెర వెనక, తను ఎప్పుడో బిగించిన రెండు స్పీకర్లు దుమ్ము పట్టి ఉన్నాయి. ఆ తెర తొమ్మిదేళ్ల క్రితం మేనేజరు ముచ్చటపడి వేయించింది. గోడ మీద నల్లడబ్బాలు అసహ్యంగా ఉన్నాయి, కప్పేయమన్నాడు. శబ్దం తగ్గుతుందేమో సార్ అని బాబాయి అప్పుడే ఒక మాట అన్నాడు. ఆ తర్వాత కూడా మార్కులు నాలుగున్నరే వస్తుంటే, తనే అనవసరంగా భయపడ్డానని ఊరుకున్నాడు.

"అంతకు ముందు రెండేళ్లూ?" అంది మార్కులక్క.

"అంతకు ముందు బాగానే ఉండుంటుంది. అప్పుడు నువ్వు తెచ్చిన మార్కులు నిజమే అయ్యుంటాయి, పో" అన్నాడాయన. ఆ మాటతో ఆవిడకు సగం ప్రాణం లేచొచ్చింది.

తెర తీయించమని అడిగితే మేనేజరు ఇల్లెక్కి కూస్తాడని ఇద్దరికీ తెలుసు. మర్నాడు ఆదివారం, హాలుకు సెలవు. మార్కులక్క భర్తను కత్తెరతో సహా వెంటబెట్టుకొచ్చింది. ఆయన తెరను అటూ ఇటూ తిప్పి చూసి, స్పీకర్లున్న చోట రెండు కిటికీల్లా కోసి, అదే రంగు పల్చటి గుడ్డ అతికించి కుట్టేశాడు. కుట్టు ఎక్కడుందో దగ్గరకెళ్లి చూస్తే తప్ప తెలియదు. ఎలా ఉందని భార్యను అడిగాడు. ఆవిడ పరీక్షగా చూసి, ఎడమ వైపు అంచు ముడతపడిందని చెప్పింది. ఆయన నిర్ఘాంతపోయి, ఆనక ముసిముసిగా నవ్వుకుంటూ, విప్పి మళ్లీ కుట్టాడు.

ఆ వారం చివర్లో గ్రంథాలయాలవాళ్ల సమావేశం. కొత్త కంపెనీవాళ్లు అడిగిన డబ్బు విని మేనేజరు వెనక్కి తగ్గి, మళ్లీ నాలుగు మార్కుల మాటకే వచ్చాడు కాబట్టి బాబాయికి అదే ఆఖరి పరీక్ష. కర్మ చూడండి, జీవితమంతా నిశ్శబ్దంగా ఉండమని చెప్పి చెప్పి అలవాటైన మనుషులు, మైకు ముందు కూడా గుసగుసలాడినట్టే మాట్లాడతారు. మేనేజరు పొద్దున్నే వచ్చి, "గుర్తుందిగా, గుమ్మంలో నువ్వు. నాలుగున్నరకు తగ్గకూడదు" అని చెప్పి వెళ్లాడు. ఒక్క నవ్వు నవ్వితే బాబాయికి నాలుగు దాటుతుందని ఆవిడకూ తెలుసు. ఆ ఆలోచన ఆవిడను పొద్దున్నుంచీ జోరీగలా వదల్లేదు. సభ ముగిసే వేళకు ఆవిడ రెండు గుమ్మాల దగ్గరా రెండు అట్టపెట్టెలు పెట్టి, తను వెళ్లి హాలు చివరి వరసలో కూర్చుంది. ఇది బాబాయికి కూడా చెప్పలేదు.

సాయంత్రం లెక్క తేలింది. మైకుకు మూడు పాయింటు ఏడు.

మేనేజరు కాగితం చూసి భగ్గుమన్నాడు. "నాలుగు రాలేదు! నువ్వెక్కడ చచ్చావ్?"

"వెనక కూర్చున్నా సార్," అంది మార్కులక్క. "నేను నిలబడుంటే నాలుగు ముప్పావు వచ్చేది. కార్డు మీద అచ్చేసుకోవడానికి అది బాగుంటుంది. కానీ అది నా గురించి రాసిన మార్కు. ఈ మూడు పాయింటు ఏడు మీ హాలు గురించి రాసింది. పది రోజుల క్రితం రెండు పాయింటు నాలుగు. గుమ్మంలో నేను నిలబడను సార్. మీకు అలాగే కావాలంటే ఆ ఉద్యోగానికి ఇంకొకరిని చూసుకోండి."

మేనేజరు నోరు తెరిచేలోగా తలుపు తోసుకుని గ్రంథాలయాల సంఘం కార్యదర్శి లోపలికొచ్చింది. సన్నటి గొంతావిడది, ఆ గొంతుతోనే, "వేరే హాలు దొరక్క ఇక్కడికి వచ్చాం సార్, నిజం చెబుతున్నా. పోయినసారి ఏమీ వినబడలేదని మావాళ్లు ఒకటే గొడవ. ఈసారి చాలా నయం. వచ్చే ఏడాదికి కూడా ఇదే తేదీ మాకు రాసిపెట్టండి" అని చెప్పి వెళ్లిపోయింది.

మేనేజరు తలుపు వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. "పోయినసారి వీళ్లు ఎన్ని వేశారు?"

"నాలుగు పాయింటు ఆరు సార్. నేనే తెచ్చాను."

ఆయన చాలాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టుకుంటూ కూర్చున్నాడు. చివరికి సొరుగు లాగి బాబాయి ఒప్పందం కాగితం తీసి, ఏడాదికి సంతకం గీకి, "పెట్టెలే పెట్టుకో. ఆ కార్డులు అయిపోయేదాకా మాత్రం మార్చను" అని ఆవిడ చేతిలో పడేశాడు. తెర ఊసు ఆయన ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

బాబాయి వైర్లు చుట్టలు చుట్టడం అప్పుడే అయింది. ఒప్పందం కాగితం తీసుకుని, చూడకుండానే మడిచి జేబులో పెట్టుకుని, "మూడు పాయింటు ఏడు సరే, వెనకవాళ్లు ఏం రాశారు?" అన్నాడు. ఇద్దరూ వేదిక మెట్ల మీద కూర్చుని దొంతర విప్పారు. మధ్యలో ఒక కాగితం మీద పెద్దవాళ్ల వణుకు చేతిరాత కనబడింది. బాబాయి దాన్ని దీపం వైపు తిప్పి పైకి చదివాడు.

'నేనెప్పుడూ చివరి వరసలోనే కూర్చుంటాను. ఈ హాలుకు రావడం ఇది ఏడోసారి. ఇవాళే మొదటిసారి అంతా విన్నాను.'

చదవడం అయ్యాక కూడా ఆయన కాగితం కింద పెట్టలేదు. "ఆరుసార్లు" అన్నాడు మెల్లగా. "పాపం, ఆరుసార్లు ఊరికే కూర్చుని వెళ్లాడు."

"ఊరికే వెళ్లలేదు బాబాయ్," అంది మార్కులక్క. "ఆరుసార్లూ నా ఎదురుగా నిలబడి, నవ్వుతూ, నీకు ఐదు చుట్టి వెళ్లుంటాడు."

బాబాయి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇవాళ ఎంతిచ్చాడు?"

ఆవిడ వంగి చూసింది. "నాలుగు."

"నాలుగేనా!" అని ఆయన ఠక్కున లేచి, హాలు చివరి దాకా ఒకసారి కళ్లు చికిలించి చూశాడు. "ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందో. రేపు కాస్త పెందలాడే రా అమ్మాయ్, వెతుకుదాం."